సిస్టం జర స్లో ఉన్నది

మా అబ్బా దుకాణంలో కంప్యూటర్ ఆన్ చేయడమంటే పొయ్యి మీద పప్పు పెట్టడమే. బటన్ నొక్కి ఇంకో పని చూసుకోవాలి. పొద్దున షట్టర్ ఎత్తగానే అబ్బా ముందు ఆ బటన్ నొక్కేవాడు. తర్వాత దుకాణం ముందర ఊడ్చి, నీళ్లు చల్లి, బల్ల మీది దుమ్ము దులిపి, పక్క హోటల్ నుంచి వచ్చిన చాయ్ సగం తాగేవాడు. అప్పటికి గానీ తెర మీద ఐకాన్లు రావడం మొదలయ్యేది కాదు. అవి కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు మొహమాటంగా, ఒక్కొక్కటే వచ్చేవి.

నల్లగొండలో గడియారం దగ్గర ఒక సందులో ఉండే చిన్న డీటీపీ సెంటర్ అది. పెళ్లి పత్రికలు, కోర్టు కాగితాలు, దరఖాస్తులు, దశదినకర్మ కార్డులు టైపు చేసి ఇవ్వడం అక్కడి పని. తెలంగాణ వచ్చిన కొత్తలో చుట్టుపక్కల ఫ్లెక్సీ దుకాణాలు వరసగా లేచాయి. అయినా పెళ్లి పత్రిక అనేసరికి పానగల్ వాళ్లు, మర్రిగూడ వాళ్లు మా అబ్బా దగ్గరికే వచ్చేవాళ్లు. మేం ముస్లింలం, నాన్నను అబ్బా అంటాం. అయినా ఎవరింటి పత్రికలో పైన ఏ దేవుణ్ణి వేసుకుంటారు, మేనమామ పేరు ఎక్కడ రావాలి, ఎవరి పేరు మరిచిపోతే ఎవరు అలిగి పెళ్లికి రారు, ఇవన్నీ ఆయన అడక్కుండానే చెప్పేవాడు. "సాబ్ చూసిండంటే ఇగ పంతులుకు చూపియ్యనక్కర లేదు" అనేవాళ్లు జనం. ఆ మాట వింటే అబ్బాకు లోపల పండగే. పైకి మాత్రం గడ్డం గోక్కుంటూ, విననట్టు తెర వైపు చూసేవాడు.

దుకాణంలో ఆయనకొక పట్టింపు ఉండేది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. దుకాణంలో అడుగు పెడితే మాత్రం నాతో కూడా తెలుగే, ఎవరూ లేనప్పుడు కూడా తెలుగే. "మనం ఉర్దూల మాట్లాడుకుంటే, వచ్చినోళ్లు మనమేదో దాస్తున్నమనుకుంటరు బిడ్డా" అనేవాడు. ఇంట్లో బేటీ అని పిలిచే మనిషి రోడ్డు దాటి దుకాణంలోకి రాగానే బిడ్డా అని పిలిచేవాడు. చిన్నప్పుడు నాకది ఆటలా ఉండేది. బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చి, తెలుగులో అబ్బాతో గొప్పగా మాట్లాడి, ఇంటికి వెళ్లి అమ్మీతో అదే సంగతి ఉర్దూలో చెప్పేదాన్ని.

నేను ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పెళ్లయి పక్క గల్లీలోనే ఉంటాను కాబట్టి, కాలేజీ అయ్యాక దుకాణానికి వెళ్లి కాసేపు కూర్చోవడం అలవాటు. నాకు ఓపిక తక్కువ. అన్నం ఉడికిందా అని పదిసార్లు మూత తీసి చూసే రకాన్ని. మా ఆయన ఏదైనా కథ చెబుతుంటే సగంలోనే "ఇంతకూ ఏమైంది?" అని అడుగుతాను. అలాంటి దానికి అబ్బా కంప్యూటర్ ఎంత పరీక్షో చెప్పనక్కర్లేదు.

అబ్బాకు మాత్రం దాని మీద ఏ కోపమూ ఉండేది కాదు. గిరాకీ రాగానే బెంచీ చూపించి, "సిస్టం జర స్లో ఉన్నది, కూసోండ్రి" అనేవాడు. ఫైలు తెరవడానికి ఒక ఆగడం, అక్షరాలు తెర మీదికి రావడానికి ఒక ఆగడం, ప్రింటు కొట్టాక ఒక ఆగడం. ఆ ఆగిన సందుల్లో కాగితం మళ్లీ ఒకసారి చదువుకునేవాడు. "పిల్ల తాత పేరు మళ్లొక్కసారి చెప్పుండ్రి" అని అడిగేవాడు. వచ్చినవాళ్లు కూడా దానికి అలవాటు పడిపోయారు. కాగితం చేతికిచ్చి "సాబ్, మేం చాయ్ తాగొస్తం" అని పక్క హోటల్‌కు వెళ్లిపోయేవాళ్లు. మా అబ్బా కంప్యూటర్ మీద ఆ హోటలాయన ఇల్లు కట్టుకున్నాడని నేను ఎగతాళి చేసేదాన్ని.

రానురాను అది మరీ మొండికేసింది. ఒకప్పుడు పూటలో అయిపోయే పత్రిక మర్నాటికి పడసాగింది. "రోజురోజుకు ఇంక స్లో అయితాంది బిడ్డా" అని అబ్బా కూడా అనేవాడు.

ఒకరోజు మా కాలేజీ ప్రిన్సిపాల్ వార్షికోత్సవం ఆహ్వాన పత్రం టైపు చేయించడానికి అబ్బా దగ్గరికి వెళ్లాడు. నా మీద అభిమానంతోనే వెళ్లాడు పాపం. మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చుని, సాయంత్రం ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. మర్నాడు స్టాఫ్ రూములో అందరి ముందు, "ఏం మేడం, పిల్లలకు చెప్పే పాఠం జర మీ నాయినకు గూడ చెప్పరాదు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత క్లాసుకు వెళ్లి మెమరీ గురించి బోర్డు మీద రాస్తుంటే చెవులు వేడెక్కాయి. మనం చెప్పే చదువు మన ఇంటి గడప తొక్కలేదని ఊరంతా చూస్తున్నట్టు అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు అబ్బా మీద కోపంగా మారడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు.

కొత్త కంప్యూటర్ కొంటే పోయేదే. కానీ అబ్బా టైపు చేసే తెలుగు సాఫ్ట్‌వేర్ ఎప్పుడో హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి పెట్టి వెళ్లింది. ఆ మనిషి దుకాణం ఎత్తేశాడు. ఆయనిచ్చిన సీడీ పగిలిపోయింది. కొత్త కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే అక్షరాల మీటలు మారిపోతాయి. అబ్బా కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఎన్నేళ్లయిందో. ఆయనకు వాటితో పనే లేదు, వేళ్లకే తెలుసు ఏది ఎక్కడుందో. "కొత్తది కొంటే నేను మళ్లా బడికి పోవాలె" అని ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

అప్పుడు నాకు ఎస్ఎస్‌డీ ఆలోచన వచ్చింది. అబ్బాకు విడమరచి చెప్పాను. ఇప్పుడున్న హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది, దాని మీద సూది లాంటిది వెతుక్కుంటూ పోతుంటుంది, ఆలస్యమంతా అక్కడే. ఈ కొత్త డ్రైవ్‌లో తిరిగేదేమీ ఉండదు, అడగ్గానే ఇస్తుంది. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టుగా దీంట్లోకి దింపేస్తే, సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసే పనే లేదు.

"అంటే ఏం మారదా?" అని అడిగాడు అబ్బా.

"ఏం మారదు. మీ ఫైళ్లు, మీ బార్డర్లు, మీ దేవుళ్ల బొమ్మలు, అన్ని ఏడున్నయి ఆడనే ఉంటయి. స్పీడొక్కటే మారుతది" అన్నాను.

ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకే వినిపిస్తుంది.

ఒక శుక్రవారం, జుమ్మా నమాజు తర్వాత, షట్టర్ సగం దించి పని మొదలుపెట్టాం. కొత్త డ్రైవ్ పాతదానికంటే చిన్నది. పాతదాంట్లో పేరుకుపోయిన చెత్త తీస్తేనే మిగతాది అందులో పడుతుంది. ఒక్కో ఫోల్డర్ తెరిచి "ఇది తీసెయ్యాల్నా?" అని అడుగుతూ పోయాను. అబ్బా ప్రతిదాని ముందు ఆగిపోయాడు. తెర వైపు చూస్తాడు, పెదవులు కదుపుతాడు, ఎంతసేపటికో "ఉండనియ్యి" అంటాడు. ఎప్పుడో అయిపోయిన పెళ్లిళ్ల పత్రికలు, చనిపోయినవాళ్ల దినాల కార్డులు. "గీళ్ల తమ్మునికి గూడ గిదే బార్డర్ కావాలంటరు, ఉండనియ్యి." ఆయనకు ఆ ఇళ్లన్నీ గుర్తొస్తున్నాయి కాబోలు, అందుకే జవాబుకు అంత సేపు పడుతోంది అనుకున్నాను. అనుకుని లోపల విసుక్కున్నాను. చివరికి వాటన్నిటినీ పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టి, చోటు చేశాను.

కొత్త డ్రైవ్‌ను కేబుల్‌తో తగిలించి, పాతదంతా అందులోకి దింపే క్లోనింగ్ మొదలుపెట్టాక ఇక చేసేదేమీ లేదు. తెర మీద పచ్చటి గీత పాకుతూ ఉంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అబ్బా సాయంత్రం అసర్ నమాజుకు వెళ్లొచ్చేసరికి గీత సగం దాటింది. పూర్తయ్యాక డబ్బా విప్పి, గుప్పెడు దుమ్ము దులిపి, పాత డిస్క్ మరలు తీసి, దాని జాగాలో కొత్తది బిగించాను. బటన్ నొక్కితే నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్క్ దొరకడం లేదట. అబ్బా కుర్చీలో ముందుకు జరిగాడు. కంప్యూటర్ మొదట ఏ డ్రైవ్ వైపు చూడాలో చెప్పే సెట్టింగ్ మార్చడం మరిచిపోయాను, అంతే. అది మార్చి మళ్లీ ఆన్ చేశాను.

చాయ్ గ్లాసు అందుకుందామని చెయ్యి చాపేలోపు ఐకాన్లన్నీ వచ్చేశాయి. ఒక్కసారిగా, అన్నీ కలిసి. వెనకాల అబ్బా తీసిన భువనగిరి గుట్ట ఫోటో, పక్కకు ఒరిగినట్టుండే ఐకాన్ల వరస, మూలన చెత్తబుట్ట బొమ్మ, ఏదీ అంగుళం కదల్లేదు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

అబ్బా మౌస్ పట్టుకుని ఒక పత్రిక తెరిచాడు, మూశాడు. ఇంకోటి తెరిచాడు. "నా జాగలన్ని నా జాగలనే ఉన్నయి" అన్నాడు ఆశ్చర్యంగా. నా తల మీద చెయ్యి పెట్టి "షాబాష్" అన్నాడు. ఆ రాత్రి నేను మా ఆయనతో ఆ షాబాష్ గురించి చెప్పుకుంటూనే నిద్రపోయాను.

తర్వాత కొన్నాళ్లు కాలేజీలో పరీక్షల హడావుడి. సాయంత్రం వెళ్లినప్పుడల్లా బల్ల మీద చేయాల్సిన కాగితాలు మునుపటిలాగే పేరుకుని ఉండేవి. నాకు అర్థమయ్యేది కాదు. ఇంత వేగం వచ్చాక కూడా పని ఎందుకు తెగడం లేదు? ఆ వేగానికి ఇంకా అలవాటు పడలేదేమో అనుకున్నాను. వచ్చిన కొత్తలో ఎవరికైనా అంతే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి దుకాణం నిండా జనం. బెంచీ మీద మర్రిగూడ నుంచి వచ్చిన రైతు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. పత్తి అమ్ముడుపోయింది, బిడ్డ పెళ్లి కుదిరింది, ఇద్దరి ముఖాల్లోనూ ఆ కళ ఉంది. ఆమె నవ్వొచ్చినప్పుడల్లా, ఆ వైపు ఆడవాళ్లు చాలామంది చేసినట్టే, ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లకు పట్టిన గార కనబడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది. వాళ్ల వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.

అబ్బా మౌస్ నొక్కాడు. పత్రిక నమూనా టక్కున తెర నిండా వచ్చింది. పైన వినాయకుడు, కింద ఖాళీ గీతలు, మొదటి గీత దగ్గర కర్సర్ మినుకుమినుకుమంటోంది. అబ్బా ఎడం చేత్తో కాగితం పట్టుకున్నాడు. కుడి చేతి వేళ్లు కీబోర్డు పైకి వెళ్లి, గాల్లోనే ఆగిపోయాయి. దిగలేదు. నేను చూస్తున్నాను. అందరూ చూస్తున్నారు. చూడ్డానికి అక్కడ ఇంకేమీ లేదు. తిరిగే గుర్తు లేదు, గుర్రుమనే చప్పుడు లేదు. తెల్లటి తెర, దాని ముందు మా అబ్బా చెయ్యి. చాలాసేపటికి ఒక వేలు దిగి ఒక అక్షరం కొట్టింది. మళ్లీ ఆగింది.

అప్పుడు అబ్బా ఎప్పటిలాగే, చాలా మామూలుగా, వాళ్ల వైపు తిరిగి అన్నాడు. "సిస్టం జర స్లో ఉన్నది, కూసోండ్రి."

వెనక నిలబడ్డ ఒకతను ఫక్కున నవ్వి, "కొత్తది పెట్టిచ్చిన్రంట గద సాబ్" అన్నాడు.

అతను నవ్వింది అబ్బాను చూసి. నాకు మండాల్సింది అతని మీద. కానీ నాకు మొదట తట్టింది అది కాదు. నేను చేసిన పనికి పేరు పోతోందని తట్టింది. కంప్యూటర్ మేడం స్వయంగా బాగుచేసినా ఇంతేనట అని రేపు కాలేజీ దాకా పాకుతుందని తట్టింది. అంత మందిలో తెలుగులో అనలేక, అబ్బా భుజం పక్కన వంగి, ఉర్దూలో గబగబా అనేశాను.

"సిస్టం స్లో నహీ హై అబ్బా. ఆప్ హై."

స్లో ఉన్నది సిస్టం కాదు, మీరు అని.

ఎవరికీ అర్థం కాదనుకుని ఉర్దూలో అన్నాను. నల్లగొండలో! కూరగాయల బండి దగ్గర, ఆటోలో, దవాఖాన గుమ్మంలో, ప్రతివాడూ పుట్టుకతో ఉర్దూ వింటూ పెరిగే ఊళ్లో. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఆ క్షణంలో ఆ మాత్రం తోచలేదు. నవ్వినతను నవ్వు ఆపి కిందికి చూశాడు. మర్రిగూడ ఆవిడ కొంగు నోటి మీదనే ఉండిపోయింది, కానీ ఆమె నవ్వడం లేదు.

రైతు మెల్లగా లేచాడు. "తొందరేం లేదు సాబ్. మేం జర చాయ్ తాగొస్తం" అన్నాడు. భార్యను కూడా లెమ్మన్నాడు. వెనకవాళ్లు "మేం గూడ వస్తం" అంటూ వాళ్లతో పాటే బయటికి నడిచారు. నవ్వినతను అందరికంటే ముందు వెళ్లిపోయాడు. కంప్యూటర్ చక్కగా నడుస్తోందని వాళ్లందరూ కళ్లారా చూశారు. అయినా చాయ్ తాగడానికి వెళ్లారు. ఇన్నాళ్లూ వీళ్లు తాగిన చాయ్‌లలో ఎన్ని కంప్యూటర్ కోసం తాగారో, ఎన్ని మా అబ్బా కోసం తాగారో నాకు తెలియదు. హోటలాయన ఇల్లు కట్టుకున్నాడని ఎగతాళి చేసింది మాత్రం నేనే.

అబ్బా నా వైపు చూడలేదు. తెర వైపే చూస్తూ ఇంకో అక్షరం కొట్టాడు. కొట్టాక, గట్టిగా కాదు, కోపంగా కూడా కాదు, తెలుగులో అన్నాడు.

"గిరాకి ముందట ఉర్దూ మాట్లాడొద్దని చెప్పిన గద బిడ్డా."

తిట్టినా బాగుండేది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉండిపోయాను. ఆయన వేళ్లు అక్షరం తర్వాత అక్షరం వెతుక్కుంటూ పెళ్లికూతురి పేరు, ఆ వెనక మిగతాదంతా పూర్తి చేశాయి. చాయ్ తాగి వచ్చినవాళ్లకు ఆ పత్రిక చూపించాడు. ఎక్కడా తప్పు లేదు. రైతు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, వెళ్లిపోయాడు. ఆ చూపులో కోపం లేదు. జాలి లాంటిదేదో ఉంది. ఎవరి మీదో తెలియలేదు.

అందరూ వెళ్లాక అబ్బా లైట్లు ఒక్కొక్కటే ఆపుతుంటే అడిగాను. "పాత డిస్కే మళ్లా పెడత అబ్బా. సొరుగులనే ఉన్నది. ఎంతసేపు పట్టదు."

"పెడితే?"

"మునుపటి లెక్కనే ఉంటది."

అబ్బా షట్టర్ కొక్కెం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఉండది బిడ్డా. ఇన్ని రోజులు నేను గూడ సిస్టమే అనుకున్న. ఇగ గట్ల అనుకోరాదు గద" అన్నాడు.

అంతవరకూ నేను, ఆయనకు తెలుసనీ, తెలిసి కప్పిపుచ్చుతున్నాడనీ అనుకుంటున్నాను. ఆయనకు తెలియదు. గిరాకీకి చెప్పింది అబద్ధం కాదు, ఆయన నమ్మిన మాట. తన చెయ్యి తన మాట వినడం మానేస్తోందని ఆయనకు మొదట తెలిసింది నా నోటి నుంచి, నలుగురి ముందు. ఇంటికి నడుస్తున్నంతసేపూ నా చెప్పుల చప్పుడు నాకే వినబుద్ధి కాలేదు.

దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ ఆయన్ను అటూ ఇటూ నడిపించాడు, బొటనవేలికి చూపుడువేలు తాకించమన్నాడు, ఒక కాగితం మీద పేరు రాయమన్నాడు. పేరు మొదట్లో పెద్దగా ఉన్న అక్షరాలు చివరికొచ్చేసరికి ఆవగింజలంత అయ్యాయి. చెయ్యి వణకకుండానే మనిషిని నెమ్మది చేసే జబ్బు ఒకటి ఉందట. వచ్చి చాలాకాలమే అయి ఉంటుందట. మందులతో కొంత తేలిక పడుతుంది గానీ వెనక్కి పోదట.

"పని చేసుకోవచ్చా సార్?" అని అబ్బా అడిగాడు.

"చేసుకోవచ్చు. తొందర పడకుండ మెల్లగ చేసుకోండి" అన్నాడు డాక్టర్.

మెల్లగా అన్న మాట వినగానే అబ్బా నా వైపు చూసి నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చి నవ్వాడు, నన్ను పొడవడానికి కాదు. నాకు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది. ఆ శుక్రవారం పక్కపక్కన కూర్చుని, ఆయన ప్రతి జవాబుకూ ఆగుతున్నది కళ్లారా చూసి కూడా, నేను కంప్యూటర్ డబ్బా విప్పాను. మరలు తీసి, దుమ్ము దులిపి, లోపం ఎక్కడుందో కనిపెట్టానని చప్పట్లు కొట్టుకున్నాను. క్లాసులో పిల్లలకు చెబుతాను కదా, ముందు సమస్య ఏమిటో చూడండి, తర్వాత పరిష్కారం అని. అప్పటి నుంచీ ఆ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు వైపు తిరిగి చెబుతున్నాను.

అబ్బా దుకాణం మానలేదు. రోజూ వచ్చి షట్టర్ ఎత్తుతాడు, ఊడుస్తాడు, కంప్యూటర్ ఆన్ చేస్తాడు. కానీ దాని ముందున్న కుర్చీలో కూర్చోడు. వెళ్లి గిరాకీ కూర్చునే బెంచీ మీద కూర్చుంటాడు. నేను బతిమాలాను, అమ్మీ బతిమాలింది, మా ఆయన కూడా చెప్పి చూశాడు. మందులు వేసుకున్నాక వేళ్లు కొంచెం ఆడుతున్నాయి కూడా. "సూద్దాం తియ్యి" అంటాడు, అంతే. పగలు వచ్చినవాళ్ల కాగితాలు తీసి పెడతాడు. సాయంత్రం నేను టైపు చేస్తుంటే బెంచీ మీద నుంచి చదివి చెబుతాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు అది నా ఒంటికి ఎక్కడా సరిపోలేదు.

సాబ్ ఎందుకు చేయడం లేదని ఎవరైనా అడిగితే అబ్బా ఒకటే చెబుతాడు. "మా బిడ్డ కొత్త సిస్టం పెట్టింది. నాకది రాదు."

మొదటిసారి విన్నప్పుడు కొత్తదేం కాదు, అన్నీ పాతవే, పాత జాగాల్లోనే ఉన్నాయి అని నోటిదాకా వచ్చింది. అబ్బా ముఖం చూసి మింగేశాను. ఆ మాట నేను అన్నానంటే, వచ్చినవాళ్లకు తప్పు పట్టడానికి మిగిలేది ఇంక ఆయన చెయ్యి ఒక్కటే.

మొన్న పానగల్ నుంచి ఒక పెద్దాయన మనవడి పెళ్లి పత్రిక కోసం వచ్చాడు. ఆయన ఇంట్లో జరిగిన అన్ని పెళ్లిళ్లకూ పత్రికలు అబ్బానే చేశాడట. కుర్చీలో నన్ను చూసి ముఖం చిట్లించాడు. అబ్బాను అడిగాడు. అబ్బా ఆ కొత్త సిస్టం మాటే చెప్పాడు. పెద్దాయనకు కోపం వచ్చింది.

"చదువుకున్నదానివి, గంత తెల్వదా బిడ్డా? ముసలాయన చేతికి అలవాటైన సిస్టంను ఎందుకు మార్సినవ్? గిప్పుడు చూడు, ఆయన పని ఆయనకు కాకుంట అయిపాయె" అన్నాడు నన్ను.

దుకాణంలో ఇంకా ఎవరెవరో ఉన్నారు. అందరూ నా వైపు చూస్తున్నారు.

"తప్పయింది" అన్నాను.

"పోనియ్యి పటేలా" అన్నాడు అబ్బా, బెంచీ మీద ఆయనకు జాగా ఇస్తూ పక్కకు జరిగి. "చిన్నపిల్ల. తెల్వక చేసింది."

నేను తల ఎత్తలేకపోయాను. తెర వైపే చూస్తూ, పెళ్లికొడుకు పేరు చెప్పమని అడిగాను.